ఓడ చెక్కల కథ చెప్పకమ్మా

అమ్మా,

ఆశీస్సులు. కథ అందింది. వాన వెలిసిన సాయంత్రం బాగా రాశావు. కానీ మూడో పేజీలో "ఓడ చెక్కలతో కట్టిన ముసలి ఇల్లు" దగ్గర నాకు ఒళ్లు మండింది. షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ నుంచి సముద్రం ఎంత దూరమో మ్యాపులో చూశావా? ఇంగ్లండ్‌లో దూలానికి ఖాళీ బెజ్జం కనిపిస్తే చాలు, ఓడ కథ అల్లేస్తారు. చాలాసార్లు అది పాత ఇంటి కలపను మళ్లీ వాడుకున్న గుర్తే.

అక్కడి హై స్ట్రీట్‌లో నువ్వు రాసిన ఆ హార్వర్డ్ హౌస్ ముందు నేనూ నిలబడ్డాను, మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉన్న రోజుల్లో. నువ్వు యూనివర్సిటీ గొప్ప గురించి పేజీన్నర రాశావు. ఇల్లు కట్టించింది మాత్రం ఆ యూనివర్సిటీకి పేరిచ్చిన జాన్ హార్వర్డ్‌కు తాత, మాంసం వ్యాపారి థామస్ రోజర్స్. 1594లో ఊరు తగలబడింది. 1595లో మళ్లీ తగలబడింది. ఆ మరుసటేడు ఈయన మళ్లీ చెక్కతోనే కట్టాడు! ముందు భాగమంతా నగిషీలు చెక్కించాడు. తన పొడి అక్షరాలు, భార్యవి, మధ్యలో 1596. ఒక ఎద్దు తల కూడా. ఆ మొండితనం నీ కంట పడలేదా?

బరువు ఎవరు మోస్తున్నారో తెలియకుండా ఇంటిని వర్ణించకూడదు. ఇది నా పట్టు, చాదస్తమనుకున్నా సరే. ఓక్‌ను పచ్చిగానే చెక్కేవాళ్లు. ఒకదాని కొసను కుసిగా చెక్కి, ఇంకోదాని బెజ్జంలో దూర్చి, చెక్క చీల దిగ్గొట్టేవాళ్లు. ముక్కలన్నీ ముందే నేలమీద అమర్చి, అతుకు అతుక్కీ రోమన్ అంకెలు గీసి, విప్పి తెచ్చి నిలబెట్టేవాళ్లు. కలప ఎండేకొద్దీ మెలి తిరిగి, అతుకు బిగుస్తుంది. ఇలాంటి ఇళ్ల వంకరలో సగం అదే. నువ్వేమో "వయసుతో కుంగింది" అన్నావు. దూలాల నడుమ గోడ ఏ బరువూ మోయదు. అది తడికకు మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తింది, మన పాకల్లో లాగే.

నా మొదటి కథలో ఒక వడ్రంగి బాడిస పట్టే తీరు మీద పేరా రాశాను. దానికోసం నెల రోజులు అతని అరుగు మీద కూర్చున్నాను. ఎడిటరుగారు అది కొట్టేసి, ఆ జాగాలో వెన్నెల పెట్టారు. నలభై ఏళ్లయింది, ఆ వెన్నెల నేను క్షమించలేదు. ఇప్పుడేమో అందరూ చిట్టి కథలంటున్నారు, అందులో వడ్రంగికి చోటే లేదు.

ఈసారి వెళ్లినప్పుడు ఎద్దు తలను చూసొచ్చి, మూడో పేజీ తిరగరాయి. అక్షరాలు కాస్త పెద్దవి చేసి పంపు, కళ్లద్దాలు మార్చాలి.