టెక్ సందేహాలు: ఫొటోలో ఎరుపు వేరు, పెయింట్ డబ్బాలో ఎరుపు వేరు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నాటకానికో షార్ట్ ఫిల్మ్‌కో పాతకాలం నాటి వస్తువు నమూనా చేస్తున్నవాళ్లు, అసలు రంగు ఫోన్‌తో పట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీలు, వైఫై రౌటర్ల ప్రశ్నలు వచ్చే వారానికి వాయిదా.

ప్రశ్న: మా తెలుగు సంఘం నాటకంలో 1950ల నాటి లండన్ వీధి సీను ఒకటుంది. ప్లైవుడ్‌తో ఎర్ర టెలిఫోన్ బూత్ కడుతున్నాం. నెట్‌లో దొరికిన ఫొటోలను కలర్ పికర్ యాప్‌లో పెడితే ఒక్కోదానికి ఒక్కో హెక్స్ కోడ్ (రంగుకి కంప్యూటర్ వాడే కోడ్) వస్తోంది. మా వీధి చివర నిజం బూత్ ఉంటే దాన్నీ ఫోన్‌తో తీశాను. అది ఇంకో కోడ్ చూపించింది. వీటిలో అసలు రంగు ఏది? (బర్మింగ్‌హామ్ నుంచి ఓ పాఠకుడు)

ఏదీ కాదండీ. యాప్ చెప్పేది బూత్ రంగు కాదు, ఆ ఫొటోలో మీరు వేలు పెట్టిన పిక్సెల్ రంగు. బూత్‌కీ ఆ పిక్సెల్‌కీ మధ్య ఎండో మబ్బో ఉంది, తెలుపు తెలుపుగా కనిపించాలని ఫోన్ సొంతంగా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ ఉంది, ఫొటో పెట్టినవాళ్ల ఎడిటింగ్ ఉంది. ఎరుపుకైతే మరో చిక్కు. ఎండలో మెరిసే ఎరుపును తీస్తే ఎరుపు మోతాదు చెప్పే రెడ్ చానల్ అంకె గరిష్ఠమైన 255 దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ఆపై తేడాలేవీ ఫొటోలో మిగలవు. పైగా ఈమధ్య ఐఫోన్లు ఫొటోలను డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన కలర్ స్పేస్‌లో భద్రపరుస్తాయి. ఆ అంకెల్ని యాప్ మామూలు కలర్ స్పేస్ అయిన ఎస్ఆర్‌జీబీ అనుకుని చదివిందంటే ఎరుపు కాస్త నీరసంగా తేలుతుంది. అంకె అదే, రంగు మారిపోయింది.

మీ అదృష్టం ఏమిటంటే ఈ రంగుకి నంబర్ ఉంది. బ్రిటన్‌లో పెయింట్ రంగులకు బీఎస్ 381సీ అనే ప్రామాణిక పట్టిక ఉంది. నేడు బూత్‌ల మీద ఎక్కువగా కనిపించే ఎరుపు అందులో 539, పేరు కరెంట్ రెడ్. కరెంట్ అంటే ఇక్కడ విద్యుత్తు కాదు, ఓ రకం చిన్న ఎర్రపండు. ఇది 1968లో కే8 అనే కొత్త మోడల్ బూత్‌తో పాటు వచ్చింది. తర్వాత పాత బూత్‌లకూ అదే పూశారు. అంతకుముందు కే2, కే6 లాంటి పాత ఎర్ర బూత్‌లకు వాడింది 538, కొంచెం ముదురు. మీ సీను 1950ల నాటిది కాబట్టి మీకు కావలసింది 538. వీధి చివరి బూత్‌ను ఎంత ఖరీదైన పరికరంతో కొలిచినా మీకొచ్చేది తర్వాతి కాలపు ఎరుపే. అదీ ఎండకు వెలిసి గులాబీ వైపు జారి ఉంటే చెప్పనక్కర్లేదు. అడుగు పొరలు చూద్దామని గీకకండి. ఆ బూత్‌లలో చాలావాటికి వారసత్వ కట్టడాలుగా చట్టరక్షణ ఉంది.

రంగు వెతికే ముందు ఏ ఏడాది, ఏ ఊరు అన్నది తేల్చుకోమని ఎవరడిగినా చెబుతాను. కే2, కే6 రెండింటినీ రూపొందించిన గైల్స్ గిల్బర్ట్ స్కాట్ తన మొదటి బూత్‌కు వెండి రంగు, లోపల నీలం కలిసిన ఆకుపచ్చ సూచించాడు. ఎరుపును ఎంచుకున్నది అప్పట్లో టెలిఫోన్లు నడిపిన పోస్టాఫీసు వారు. కొన్ని పల్లెల్లో కే6లకు బూడిద రంగు పూసి, కిటికీ పట్టీలకు మాత్రం ఎరుపు వేశారు. హల్ నగరంలో టెలిఫోన్లు అప్పట్లో నగరపాలక సంస్థవి కావడంతో అక్కడి బూత్‌లు మీగడ రంగులో ఉంటాయి, వాటి మీద కిరీటం గుర్తు కూడా ఉండదు. కిరీటం మాటెత్తాను గనక ఒక హెచ్చరిక. బూత్ 1953కి ముందు పెట్టినదైతే ట్యూడర్ కిరీటం, తర్వాత పెట్టినదైతే సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. ఇంగ్లాండ్‌లో ఆడే నాటకం కదా, ప్రేక్షకుల్లో ఒక్కరైనా అది పట్టేస్తారు.

పెయింట్ షాపులో ఫొటో చూపించకండి, హెక్స్ కోడ్ అసలే చెప్పకండి. "బీఎస్ 381సీ, 538, శాటిన్" అని అడగండి, శాటిన్ అంటే మరీ నిగనిగలాడని మధ్యరకం మెరుపు. యూరప్‌లో వాడే మరో పట్టిక ఆర్‌ఏఎల్‌లో దగ్గర్లోని నంబర్ ఇస్తామంటే వద్దనండి, దగ్గరిది అంటే అదే అని కాదు. నిజం బూత్‌కు నిగనిగలాడే గ్లాసీ పెయింటే వేస్తారు గానీ, స్టేజి మీద స్పాట్‌లైట్ పడగానే అది అద్దంలా మెరిసి అంతా తెల్ల మరకలే కనిపిస్తాయి. మరీ మ్యాట్ వేస్తే అదే షేడ్ వెలిసినట్టు, లేతగా కనిపిస్తుంది. ఎరుపు రంగులు అడుగుదాన్ని అంత బాగా కప్పవు కాబట్టి ప్లైవుడ్ మీద నేరుగా పూయకుండా ముందు బూడిద రంగు అండర్‌కోట్ వేయండి.

అసలు గండం లైట్ల దగ్గరుంది. ఎల్‌ఈడీ డబ్బా మీద సీఆర్‌ఐ 80 అని రాసి ఉంటుంది, ఆ వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే మార్కు అది. ఆ అంకె ఎనిమిది లేత రంగుల నమూనాలకు వచ్చిన మార్కుల సగటు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, దాన్ని ఆర్9 అంటారు, సగటులో దానికి చోటు లేదు. చవక ఎల్‌ఈడీల్లో ఆర్9 సున్నా దగ్గర తిరుగుతూ ఉంటుంది. అలాంటి వెలుగులో 538 అయినా 539 అయినా ఒకటే ఇటుక రంగు. ఏ4 సైజు చెక్క మీద రెండు కోట్లు వేసి ఆరనిచ్చి, హాల్లోని లైట్ల కిందే పెట్టి వెనక వరుసలోంచి చూడండి. నన్నడిగితే ఆ దూరం నుంచి 538కీ 539కీ తేడా ఎవరికీ తెలియదు. పాచిపోయిన ఎరుపు మాత్రం అందరికీ తెలుస్తుంది. మిగిలిన డబ్బులుంటే ఆర్9 బాగున్న దీపాల మీద పెట్టండి.

ప్రశ్న: స్కూల్ వార్షికోత్సవంలో ఓ పిల్లాడు ఘటోత్కచుడి ఏకపాత్రాభినయం చేస్తున్నాడు. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు గారి గద, కిరీటం నమూనాలు థర్మాకోల్‌తో చేయిస్తున్నాం. కలర్ ప్రింట్ స్క్రీన్‌షాట్ల నుంచి రంగులు తీసుకుంటే అవే అసలువి అవుతాయా? (తెనాలి నుంచి ఓ ఉపాధ్యాయురాలు)

అవ్వవు మేడం. 1957లో వచ్చిన ఆ సినిమాకి మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టుకున్నది నలుపు తెలుపు ఫిల్ముకే. మనం చూసే రంగులు 2010లో విడుదలైన ప్రింటు కోసం కంప్యూటర్ మీద వేసినవి. అందంగా వేశారు, కాదనను. కానీ అవి రంగులు వేసినవాళ్ల నిర్ణయాలు, సెట్‌లోని వస్తువుకి సాక్ష్యాలు కావు. ఇప్పుడు ఏఐ యాప్‌లు ఒక్క నొక్కుతో తాతగారి ఫొటోకి రంగులు వేసేస్తున్నాయి కదా, అందులో ఆయన పంచె అంచు ఎరుపా పచ్చా అన్నది కూడా ఊహే.

ఎందుకని అంటే చిన్న లెక్క చూడండి. రంగు ఫొటోను బూడిద రంగులోకి మార్చడానికి సాఫ్ట్‌వేర్లు విరివిగా వాడే సూత్రంలో ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వాటా. నిండు ఎరుపు 255ని 0.299తో హెచ్చిస్తే 76. ముదురు ఆకుపచ్చ 130ని 0.587తో హెచ్చించినా 76. రెండూ కలిసి ఒకే బూడిద అయ్యాయి. ఇప్పుడు ఆ 76ని మీ చేతిలో పెట్టి వెనక్కి వెళ్లమంటే ఎరుపు దగ్గరకు వెళ్తారా, ఆకుపచ్చ దగ్గరకా? ఫిల్ము లెక్క సరిగ్గా ఇదే కాకపోయినా చిక్కు మాత్రం ఇదే. దీనికి తోడు నలుపు తెలుపు రోజుల్లో తెర మీద బూడిద ఛాయలు విడివిడిగా కనబడాలని సెట్లకు, దుస్తులకు రంగులు ఎంచేవాళ్లు. కంటికి ఎబ్బెట్టుగా ఉన్నా ఫర్వాలేదు, కెమెరాకి బాగుంటే చాలు. మూకీల నాటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము అయితే మరీ విచిత్రం, ఎరుపు దానికి నలుపే.

అయితే నలుపు తెలుపు ప్రింటు పూర్తిగా పనికిరానిది కాదు. మీరు అనుకుంటున్న రంగుల్ని అట్టముక్కల మీద పూసి, పగటి వెలుగులో ఫోన్ మోనో మోడ్‌లో తీసి, సినిమా ఫ్రేములోని గదతో పోల్చండి. మరీ లేతగానో మరీ ముదురుగానో వచ్చినవాటిని పక్కన పెట్టేయొచ్చు. మిగిలిన వాటిలో ఏది అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. పిల్లల కార్యక్రమానికి ఇంత అవసరమా అంటే, నిజానికి లేదు. చూసేవాళ్లలో చాలామందికి కలర్ ప్రింటే గుర్తుంటుంది. అదే పెట్టండి, హాయిగా చప్పట్లు కొడతారు. ఎవరైనా అడిగితే 2010 నాటి రంగులని చెప్పండి.

ప్రశ్న: 1970ల నేపథ్యంలో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ఎర్ర పోస్టు డబ్బా నమూనా కావాలి. ఓ పాత డబ్బా మూత ముక్క సంపాదించాం. దాని రంగు కొలవడానికి బ్లూటూత్ కలర్ సెన్సర్ కొనడం మంచిదా? (విజయవాడ నుంచి ఓ పాఠకుడు)

ఒక్క డబ్బా కోసమైతే కొనకండి. నిక్స్ మినీ లాంటి సెన్సర్లు ఫోన్ కెమెరా కంటే నమ్మకమైనవే. వస్తువు మీద బోర్లించగానే బయటి వెలుగు ఆగిపోతుంది, లోపలి సొంత దీపంతో కొలుస్తాయి. కానీ వాటికి చదునైన, శుభ్రమైన చోటు కావాలి. మీ మూత ముక్క వంపు తిరిగి, తుప్పు పట్టి ఉంటే ఒకే చోట కొలిచినా ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. లోపలివైపు ఎండ తగలని మూలను సబ్బునీళ్లతో తుడిచి, దాన్ని పట్టుకుని రంగులు కలిపే టింటింగ్ మెషిన్‌తో పాటు రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న పెయింట్ షాపుకి వెళ్లండి. పెయింట్ అక్కడే కొంటామంటే చాలాచోట్ల కొలిచి ఇస్తారు.

సెన్సర్ ఎవరిదైనా దొరికితే హెక్స్ వదిలేసి ల్యాబ్ (ఎల్, ఎ, బి అనే మూడు అంకెలు) విలువలు రాసుకోండి. నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. యాప్ "దగ్గరి షేడ్" అంటూ ఓ పేరు చూపిస్తుంది, దాని పక్కనుండే, రెండు రంగుల మధ్య తేడా చెప్పే 'డెల్టా ఈ' అంకె చూడకుండా నమ్మకండి. 1 లోపు ఉంటే మన కంటికి తేడా దాదాపు తెలియదు. 2, 3 అయితే పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 5 దాటితే అది వేరే రంగే.

మన దగ్గరా పెయింట్లకు ఐఎస్ 5 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులో 538కి పేరే పోస్ట్ ఆఫీస్ రెడ్. పై ఉత్తరంలోని బ్రిటిష్ నంబరూ అదే కావడం కాకతాళీయం కాదు, మన పట్టిక నంబర్లు చాలావరకు ఆ వరుసలోనివే. షాపులో ఆ నంబరుతో చిన్న డబ్బా తీసుకుని మీ మూత ముక్క పక్కన పూసి చూడండి. షూటింగ్ రోజు ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ లాక్ చేయడం మరిచిపోవద్దు. లేదంటే షాట్ షాట్‌కీ డబ్బా రంగు మారుతుంది, పెయింటర్‌ని తిట్టుకుంటారు.

ప్రశ్న: షేడ్ కార్డు పీడీఎఫ్ ఫోన్‌లో చూసి రంగు ఎంచుకోవచ్చా? (కరీంనగర్ నుంచి ఓ పాఠకురాలు)

నంబరు వెతుక్కోవడం వరకూ పీడీఎఫ్ చాలు. రంగు మాత్రం కాగితం కార్డులోనే చూడండి. షెడ్యూల్ పెట్టి ఉంటే సాయంత్రం ఫోన్‌లో నైట్ లైట్ దానంతటదే ఆన్ అయి తెర పసుపెక్కుతుంది, ట్రూ టోన్ ఉన్న ఫోన్లు గది వెలుగును బట్టి తెల్లదనాన్నే మార్చేస్తాయి. ఆ రెండూ ఆపేసినా మీ ఫోన్‌కీ మీ చెల్లెలి ఫోన్‌కీ తేడా ఉంటుంది. కాగితం కార్డును కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. కిటికీ పక్క టేబుల్ మీద వదిలేస్తే కొన్నాళ్లకు కార్డే వెలిసిపోతుంది, ముందుగా పోయేవి తరచూ ఎరుపులే.