వణికే లేత్‌కు వైద్యం

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత మా ఇంటి వసారాలో ఒక పాత కొయ్య లేత్ (కొయ్యను తిప్పుతూ ఉలితో చెక్కే మిషను) బిగించుకొని పప్పుగుత్తులు, అప్పడాల కర్రలు చేస్తున్నాను. అర హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. సన్నపని బాగానే సాగుతోంది గాని, గిన్నె చేద్దామని ఆరంగుళాల దిమ్మె ఎక్కిస్తే మిషనంతా వణికిపోతోంది. వేగం తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ వంటిది పెట్టిద్దామంటే ఎలక్ట్రీషియన్ వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఎలక్ట్రీషియన్ చెప్పినదే సరైనది. మీ ఇండక్షన్ మోటారు వేగం ప్రధానంగా సరఫరా ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది; మన 50 హెర్ట్జ్ కరెంటుపై నాలుగు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటారు నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. రెగ్యులేటర్ పెడితే ముందు తగ్గేది బలం. ఉలి ఆనగానే మోటారు కుంగి, వేడెక్కి, చివరకు లోపలి తీగచుట్ట కాలిపోతుంది. వేగాన్ని పుల్లీల దగ్గరే మార్చుకోవాలి. మోటారుకు రెండంగుళాల పుల్లీ, స్పిండిల్‌కు (కొయ్యను తిప్పే ఇరుసుకు) నాలుగంగుళాల పుల్లీ ఉంటే సుమారు 720 చుట్లు వస్తాయి. దిమ్మె అడ్డకొలతను అంగుళాలలో తీసుకొని చుట్లతో గుణిస్తే 6000కూ 9000కూ మధ్య రావాలన్నది తరిమెన (లేత్) పట్టేవారిలో వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం ఆరంగుళాలకు 1000 నుంచి 1500 చుట్లు సరిపోతాయి గాని, ఇంకా గుండ్రబడని దిమ్మెను 720తోనే మొదలుపెట్టండి.

అయితే వణుకుకు వేగం ఒక్కటే కారణమని ముందే తీర్మానించుకోకండి. దిమ్మె తీసేసి, లేత్ బెడ్డు (అడుగు దిమ్మ) మీద ఒక గిన్నెలో నీళ్ళు పెట్టి మిషను నడపండి. అప్పుడూ నీళ్ళు అదురుతుంటే తప్పు దిమ్మెది కాదు. తరువాత బెల్టు విప్పి మోటారునొక్కదాన్నే తిప్పి చూడండి. అదురు ఆగిపోతే బెల్టునో, పుల్లీలనో, స్పిండిల్ బేరింగులనో అనుమానించాలి. చాలాకాలం కదలకుండా ఉన్న వి-బెల్టు పుల్లీ వంపుకే బిగుసుకుపోయి, తిరిగినప్పుడల్లా ఒకే చోట ఎగురుతుంది. దాన్ని మార్చడమే మందు. రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో వాటి అంచులకు దారం లాగి పట్టి చూసుకోవచ్చు.

ఆ తరువాత కాళ్ళు. వసారా గచ్చు సమంగా ఉండదు కనుక నాలుగు కాళ్ళలో ఒకటి గాలిలో ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి కాలి కిందా కాగితం జొనిపి చూడండి. సులువుగా దూరిన చోట రేకు ముక్క పెట్టి సరిచేయండి. కాళ్ళ మధ్య కింది భాగంలో గట్టి పలక బిగించి రెండు బస్తాల ఇసుక పేర్చితే, ఇంత తక్కువ ఖర్చుతో ఇంతకంటే మంచి మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఉలి ఆనించే పట్టెను చాలామంది పట్టించుకోరు. దాని అంచు మీద వేలు నడిపితే చిన్న చిన్న గంట్లు తగులుతాయి. ఉలి పక్కకు జరుగుతూ ఆ గంటు దగ్గర ఒక్క క్షణం ఆగి గంతు వేస్తుంది. అప్పడాల కర్ర నడుమ మీరెంత ఉప్పుకాగితం రుద్దినా పోని మెట్టు అలా పడినదే కావచ్చు. ఆకురాయితో ఆ అంచును సాఫు చేసి, సన్న ఉప్పుకాగితంతో తుడిచి, కొవ్వొత్తి రుద్దండి. పట్టెకూ కొయ్యకూ మధ్య ఎడం మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. దాన్ని జరిపేది మాత్రం మిషను ఆపిన తరువాతే.

మీరు అడగకపోయినా మరో రెండు మాటలు చెప్పాలి. చోక్ ఉన్న పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది కనుక, 1500 చుట్ల దగ్గర నాలుగు పలకల కొయ్య కదలకుండా నిలిచినట్టే కనబడుతుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్నదైతే ఈ భ్రమ ఉండదు. రెండోది, మామూలు స్విచ్చు. కరెంటు పోయి మళ్ళీ వస్తే లేత్ దానంతట అదే తిరుగుతుంది. ఒకసారి నేను స్విచ్చు ఆపడం మరచి కొలత తీసుకుంటుండగా కరెంటు వచ్చి, చేతిలోని కాలిపర్స్ గోడకు కొట్టుకున్నాయి. వోల్టేజి పోగానే విడిపోయి, బటన్ నొక్కితేనే మళ్ళీ కలిసే స్టార్టర్ పెట్టించుకోండి.

ప్రశ్న: కొయ్యను వెనుక నుంచి పట్టుకునే ముల్లు దగ్గర పొగ వచ్చి చివర నల్లబడుతోంది. ముల్లు వదులు చేస్తే కొయ్య ఊగుతోంది.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీది కొయ్యతోపాటు తిరగని ముల్లు, రాపిడికి కొయ్య కాలుతోంది. బేరింగు మీద తిరిగే లైవ్ సెంటర్ కొనుక్కుంటే సమస్య తీరుతుంది. కొనేముందు మీ టెయిల్‌స్టాక్ (ముల్లును పట్టుకునే వెనుక భాగం) రంధ్రంలో ఉన్న మోర్స్ టేపర్ (ముల్లు బిగిసే వాలు కొలత) ఒకటో నంబరో, రెండో నంబరో చూసుకోండి. పాత ముల్లునే దుకాణానికి తీసుకువెళ్ళడం ఇంకా మేలు. అది దొరికేదాకా ముల్లు దిగే గుంటలో కొంచెం మైనం పెట్టి, వేగం తగ్గించి, కొయ్య వేడెక్కిందేమో మధ్యమధ్య మిషను ఆపి చేత్తో తాకి చూస్తూ ఉండండి.