1,000కి తింటే బిల్లు 1,155 ఎందుకైంది?

మీరడిగిన ఆ అదనపు 155 అంతా జీఎస్టీ కాదండీ, మధ్యలో 10 శాతం సర్వీస్ ఛార్జీ దూరింది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో మీ నలుగురూ తిన్నది 1,000. దానికి 100 కలిపి, ఆ 1,100 మీద 5 శాతం పన్ను 55 వేశారు.

1. డబ్బు కట్టకముందే ఛార్జీ తీసేయమనండి. 2022 జూలై కేంద్ర మార్గదర్శకాల ప్రకారం దాన్ని వాళ్లంతట వాళ్లు బిల్లులో కలపకూడదు. (వడ్డించినతనికి ఇవ్వాలనిపిస్తే నేనైతే చేతికే ఇస్తాను.)

2. చాలామంది ఇక్కడే మోసపోతారు. హోటల్ వాళ్లు పెన్నుతో ఆ 100 కొట్టేసి, పన్ను 55 అలాగే ఉంచుతారు. ఒప్పుకోకండి, కొత్త బిల్లు అడగండి. సీజీఎస్టీ (కేంద్రం వాటా) 25, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 25, మొత్తం 1,050 రావాలి.

3. కుదరదంటే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.