పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత బాగానే ఉన్నా పరీక్షలు అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ అడ్డుపడటంతో ఎనిమిది నెలల క్రితం ఆపరేషన్ చేశారు. మూడో దశ అన్నారు. కీమోథెరపీ కూడా పూర్తయింది. ఇప్పుడు బాగానే తింటున్నారు, తిరుగుతున్నారు. రక్తపరీక్షలు, స్కానింగులు అంటే ‘బాగున్నవాడికి ఎందుకు?’ అంటున్నారు. నిజంగా అవసరమా డాక్టర్ గారూ?

సలహా: తప్పకుండా అవసరమే. ఈ పరీక్షలు ఉన్నవే బాగున్నవారి కోసం. ఈ క్యాన్సర్ తిరగబెడితే చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే, ఎక్కువగా కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో కనిపిస్తుంది; అక్కడ చిన్న కణితి ఉన్నా చాలాకాలం నొప్పి గానీ ఆకలి మందగించడం గానీ ఉండదు. ఒకటి రెండు కణితులుగా ఉన్నప్పుడే బయటపడితే వాటిని ఆపరేషన్‌తో తొలగించి కొందరిలో జబ్బును పూర్తిగా నయం చేయగలుగుతాం. బాధ మొదలయ్యాక వచ్చేవారిలో ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

అందుకే సీఈఏ రక్తపరీక్షను (ఈ క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్‌ను కొలిచేది) మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఆ తర్వాత ఐదేళ్లు నిండేవరకు 6 నెలలకోసారి చేయిస్తాం. ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీ స్కాన్ 6 నుంచి 12 నెలలకోసారి అవసరమవుతుంది. సీఈఏ ఒకసారి కాస్త పెరిగినంత మాత్రాన కంగారు పడవద్దు. పొగతాగేవారిలో, కాలేయ జబ్బులున్నవారిలో కూడా అది పెరుగుతుంది కాబట్టి ముందు పరీక్షను మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గడ్డ అడ్డుపడిందన్న మాట. అలాంటప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపలంతా కెమెరాతో చూసే పరీక్ష) గొట్టం గడ్డను దాటి వెళ్లలేకపోవచ్చు, అంటే దానికి పైనున్న పేగును ఎవరూ చూడకపోయి ఉండవచ్చు. అక్కడ మరో గడ్డ గానీ, మున్ముందు క్యాన్సర్‌గా మారగల పాలిప్‌లు (పేగు లోపలి గోడపై పెరిగే బుడిపెలు) గానీ ఉండే అవకాశం ఉంది. పాత రిపోర్టు తీసి పరీక్ష పూర్తయిందో లేదో చూడండి. పూర్తి కాకపోతే ఆపరేషన్ తర్వాత 3 నుంచి 6 నెలల్లో చేయించాల్సింది, కాబట్టి ఇక ఆలస్యం చేయకండి. పూర్తయి ఉంటే ఆపరేషన్ జరిగిన ఏడాదికి ఒకసారి చేయించాలి, అంతా బాగుంటే మరో మూడేళ్ల తర్వాత, ఆపై ఐదేళ్లకోసారి చాలు.

కీమో వల్ల వేళ్లలో తిమ్మిర్లు ఉంటే చికిత్స ఆగాక కూడా కొన్ని నెలలు ఉండవచ్చు, డాక్టరుకు చెప్పమనండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, తగ్గని కడుపునొప్పి కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు.

మరొక విషయం మీ గురించి. మీకు, మీ తోబుట్టువులకు 40 ఏళ్లకే కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. తొలగించిన గడ్డకు ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్ఏలో తప్పులను సరిదిద్దే ప్రొటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో చూసేది) చేశారో లేదో కూడా సర్జన్ గారిని అడగండి. అందులో తేడా ఉండి, అది వంశపారంపర్యమని తేలితే మీకు ఇంకా ముందే పరీక్షలు మొదలుపెట్టాల్సి రావచ్చు.