సల్సా అంటే పచ్చడా, డాన్సా?

రెండూనూ, కానీ స్పానిష్‌లో అసలు అర్థం మాత్రం సాస్. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు, దాన్నుంచి వచ్చిన 'సల్సా' అంటే ఉప్పు వేసినది. ఇంగ్లిష్ 'సాస్' కూడా ఫ్రెంచ్ మీదుగా ఇక్కడి నుంచే వచ్చింది కాబట్టి 'సల్సా సాస్' అనడం మన 'నడి సెంటర్' లాంటిదే.

చాలామంది సల్సా అంటే చిప్స్‌తో తినే టమాటా, ఉల్లి, మిర్చి పచ్చడే అనుకుంటారు. అది మెక్సికో రకాల్లో ఒకటి, అంతే. స్పెయిన్‌లో సోయా సాస్ సీసా మీద కూడా 'సల్సా దె సోహా' అనే ఉంటుంది, అందులో టమాటా ముక్క కూడా ఉండదు.

ఇక డాన్స్ సంగతి: ఆ డాన్స్ చేసే సంగీతానికి మూలం ఎక్కువగా 'సోన్' అనే క్యూబా సంగీత శైలి అయినా, సల్సా అనే పేరు బాగా పాకింది మాత్రం 1960, 70ల న్యూయార్క్‌లో, ప్యూర్టోరికో, క్యూబా మూలాలున్న కళాకారుల వల్ల.