అడ్వాన్స్ కట్టే ముందు బూటు విప్పి చూడు

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. చైనా నుంచి బూట్లు తెప్పించి అమ్మాలనుకుంటున్నావని అక్క చెప్పింది. సంతోషం. విశాఖ పోర్టులో కస్టమ్స్ క్లియరెన్స్ పనే చేసినవాడిని కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతాను. అడ్వాన్స్ పంపకముందే ఆ బూటు దేంతో తయారైందో తేల్చుకో.

దిగుమతి డ్యూటీ లెక్కలో బూట్లన్నీ ఒకే కోడ్ కిందికి రావు. టారిఫ్‌లో, అంటే డ్యూటీ రేట్ల పట్టికలో, వీటిది 64వ అధ్యాయం. అందులోని నాలుగంకెల కోడ్‌నే హెడ్డింగ్ అంటారు. పైభాగం అసలు తోలైతే 6403, గుడ్డయితే 6404, రబ్బరు, ప్లాస్టిక్ అయితే సాధారణంగా 6402. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి. డ్యూటీకి తోడు సెస్సో సర్‌చార్జో, అవన్నీ కలిపిన విలువ మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ.

అసలు తగాదా అప్పర్ దగ్గరే, అంటే బూటు పైభాగం దగ్గరే వస్తుంది. రెండు మూడు రకాలు కలిసి ఉంటే, బయటికి కనిపించే వైశాల్యం దేనిది ఎక్కువో అదే లెక్క. బకిల్స్, లేసు కన్నాల రింగులు, అంచు పట్టీలు, చీలమండ దగ్గరి ప్యాచ్‌లు లెక్కలోకి రావు. స్పోర్ట్స్ షూ ఒకటి తీసుకో. మెష్ (జాలీ గుడ్డ) మీద పీయూ (తోలులా కనిపించే ప్లాస్టిక్) ముక్కలు కుట్టి ఉంటాయి. ఒక ముక్క కుట్టు విప్పి అంచు ఎత్తు. కింద మెష్ నిండుగా ఉండి, ముక్క తీసేసినా అప్పర్‌గా నిలబడేలా ఉంటే ఆ ముక్క బలానికి వేసినదే, లెక్కలోకి రాదు. మెష్ అక్కడితో ఆగిపోతే మాత్రం ఆ పీయూ కూడా అప్పరే, దాని వైశాల్యమూ కొలవాలి. ఇంకో చిక్కు ఉంది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత కంటికి కనిపిస్తే టారిఫ్ దాన్ని ప్లాస్టిక్ కిందే చూస్తుంది. అందుకని అమ్మేవాడు పీయూ లెదర్ అని రాశాడని 6403లో వేయకు.

తర్వాత టీషర్టులు కూడా అంటున్నావట. అక్కడ బరువులో ఏ నూలు ఎక్కువో చూస్తారు. 60 శాతం కాటన్, 40 శాతం పాలిస్టర్ అయితే కాటన్ కిందికే వస్తుంది. గుడ్డ తెప్పించి ఇక్కడే కుట్టిద్దామనుకుంటే ఇంకా జాగ్రత్త. 2025 బడ్జెట్‌లో కొన్ని రకాల అల్లిక గుడ్డలకు 20 శాతం లేదా కిలోకు రూ.115, ఏది ఎక్కువైతే అది అని పెట్టారు. చవక గుడ్డ బరువుగా ఉంటే లాభమంతా అక్కడే పోతుంది.

ముందు శాంపిల్ జత తెప్పించు. అప్పర్, సోల్, లైనింగ్ దేనితో, ఎంత శాతం అన్నది ఫ్యాక్టరీ లెటర్‌హెడ్ మీద రాయించుకో. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) మూడింట్లో అదే వివరం ఉండాలి. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ కదా, డ్యూటీ మనమే లెక్కకట్టి చూపాలి, బాధ్యత దిగుమతిదారుడిదే. కస్టమ్స్ వాళ్లకు అనుమానం వస్తే శాంపిల్ ల్యాబ్‌కు వెళ్తుంది. ఈలోగా కంటైనర్‌కు డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) పెరిగిపోతుంది. అప్పుడు బాండ్ ఇచ్చి ప్రొవిజనల్ అసెస్‌మెంట్ అడుగు, అంటే తాత్కాలికంగా డ్యూటీ లెక్కకట్టి సరుకు వదలమని. తక్కువ డ్యూటీ హెడ్డింగ్‌లో వేసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కావాలని దాచినట్టు తేలితే ఐదేళ్ల వెనక్కి కూడా నోటీసు వస్తుంది. తేడా డ్యూటీ, వడ్డీ, దానికి తోడు డ్యూటీకి సమానమైన పెనాల్టీ.

పెద్ద ఆర్డరైతే, శాంపిల్ చూశాక కూడా అనుమానం తీరకపోతే, అడ్వాన్స్ రూలింగ్‌కు, అంటే ఏ హెడ్డింగో ముందుగానే తేల్చి చెప్పమని, దరఖాస్తు పెట్టు. ముంబయి, ఢిల్లీల్లో దానికి అథారిటీలు ఉన్నాయి. చట్టం, వాస్తవాలు మారనంత వరకు ఆ రూలింగ్ కొన్నేళ్లు చెల్లుతుంది.

డ్యూటీ సంగతి కాకపోయినా ఇదీ చూడు. చాలా రకాల బూట్లకు 2024 ఆగస్టు నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు తప్పనిసరి. ఆ ఫ్యాక్టరీకి బీఐఎస్ లైసెన్స్ ఉందో లేదో అడిగి, కాపీ తెప్పించుకుని నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య