గ్రంథిని తీసేశాక అంకె పెరిగితే?

ప్రశ్న: నా వయసు 42. రెండేళ్ల క్రితం పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తొలగించి, మిగిలిన థైరాయిడ్ కణాలను నశింపజేసే రేడియో అయోడిన్ ఇచ్చారు. ఈసారి థైరోగ్లోబ్యులిన్ పరీక్షను వేరే ల్యాబ్‌లో చేయిస్తే అంకె కాస్త పెరిగింది. వ్యాధి తిరగబెట్టినట్టేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఆ ఒక్క ఫలితంతో అలా నిర్ధారించలేం. థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్‌ను థైరాయిడ్ కణాలే తయారు చేస్తాయి కనుక, మీరు పొందిన చికిత్స తర్వాత అది రక్తంలో దాదాపు కనిపించకూడదు. వరుస పరీక్షల్లో పెరుగుతూ పోతేనే అనుమానం బలపడుతుంది. అయితే ల్యాబ్ వాడే పద్ధతిని బట్టి అంకె మారుతుంది కాబట్టి, ఇంటికి దగ్గరనో, రాయితీ ఇచ్చారనో ల్యాబ్ మార్చకుండా, పాత చోటే మళ్లీ చేయించి పోల్చుకోవాలి.

అదే రక్త నమూనాలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాలను ప్రేరేపించే హార్మోన్), థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు (దానికి వ్యతిరేకంగా శరీరం తయారు చేసే ప్రొటీన్లు) కూడా చూడాలి. థైరాయిడ్ హార్మోన్ మాత్రలు సరిగా వేసుకోక టీఎస్‌హెచ్ పెరిగితే థైరోగ్లోబ్యులిన్ కూడా పెరగవచ్చు. యాంటీబాడీలు ఉంటే మాత్రం థైరోగ్లోబ్యులిన్ అసలు విలువ కన్నా తక్కువగా కనిపించి, లేని ధీమా కలిగించవచ్చు. జుట్టు కోసం వాడే బయోటిన్ అనే విటమిన్ సైతం కొన్ని పద్ధతుల్లో ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వాడుతుంటే ముందే చెప్పండి.

ఈ రకం క్యాన్సర్ తిరిగొస్తే ఎక్కువగా మెడలోని లింఫు గ్రంథుల్లోనే కనిపిస్తుంది. అందువల్ల మెడ అల్ట్రాసౌండ్‌ను, అనుభవమున్న రేడియాలజిస్టు చేతనే, తప్పక చేయించండి. అనుమానాస్పదమైన లింఫు గ్రంథి కనిపిస్తే, దాని పరిమాణాన్ని బట్టి సూది పరీక్ష (సన్నని సూదితో కణాలు తీసి చూడటం) అవసరమో కాదో మీ ఎండోక్రైనాలజిస్టు నిర్ణయిస్తారు.